రూవి టైపింగ్ సెంటర్‌లో మూడు తప్పులు

ఉదయం పదిన్నరకి గల్ఫ్‌లోని రూవి బస్‌స్టాండ్ దగ్గర చాయ్ కొంటున్న గణపతి వీపులో రెండు తూటాలు దిగాయి. సైలెన్సర్ వల్ల చప్పుడు వినపడలేదు. గుండెపోటేమో అనుకుని జనం మొహాన నీళ్లు చల్లారు.

పావుగంటలో మంగళ ఫోన్ మోగింది.

“ప్రింటర్‌లో ఇంకు ఉందా?”

“నల్లది ఒక్కటే ఉంది.” కోడ్ సరిపోయింది. “చెప్పండి, చీఫ్.”

“మన ఏజెంట్ గణపతి పోయాడు,” అన్నాడు ఢిల్లీ నుంచి జనార్దనరావు. “గంగాధరాన్ని ఏ రూమ్‌లో దాచాడో అతనికొక్కడికే తెలుసు. అతను అడ్రసు రాసి పెట్టిన ఫైల్ నీ కంప్యూటర్‌లో ఉంది. సాయంత్రం ఏడింటికి గంగాధరం హైదరాబాద్ ఫ్లైట్. అది రద్దయితే అతన్ని చేరుకోడానికి వేరే దారి లేదు, కాబట్టి చెరపొద్దు. ఎవరికీ చిక్కనివ్వొద్దు.”

గంగాధరం జగిత్యాల నుంచి వచ్చిన కూలీ, ఇద్దరు ఆడపిల్లల తండ్రి. సూర్ రేవులో చేపల పడవల నుంచి విదేశీ ముఠా బాంబులు దింపుతుంటే కళ్లారా చూశాడు. ముఠాకి అతని ముఖం తెలియదు. అడ్రసు దొరికిందా, అతను ఫ్లైట్ ఎక్కడు.

మంగళ పైకి వీసా ఫారాలు నింపే టైపిస్టు. అసలు ఉద్యోగం గూఢచారి శాఖలో ఏజెంట్ ట్వెల్వ్. పాత పార్టులు కొని తానే బిగించుకున్న డెస్క్‌టాప్‌లో లినక్స్ వేసుకుంది. కొన్న సాఫ్ట్‌వేర్‌ని నమ్మదు. లోపల ఏం పెట్టారో ఎవరు చూడొచ్చారు? ఉచితంగా దొరికే ఈ లినక్స్‌లో ప్రతి లైనూ తెరిచి చూసుకోవచ్చు. అయినా పొద్దున్నే అప్‌డేట్ వేసిన ప్రతిసారీ, ఇక ఇది లేవదేమోనని ఆమె గుండె పీచుపీచుమంటుంది.

ఒంటిగంటకి రూవిలో షట్టర్లు దిగాయి. మళ్లీ నాలుగింటికే ఎత్తుతారు. మూడయ్యేసరికి మంగళ వెనక తలుపు గడియ మూడుసార్లు చూసుకుంది. నాలుగోసారి చూడబోతుంటే గడియ బయటినుంచే ఊడి తలుపు తెరుచుకుంది.

వచ్చింది విజేత, అదే డిపార్ట్‌మెంట్ ఏజెంట్. ఎర్ర సిల్కు గౌను, ఊద్ అత్తరు, చేతిలో పిస్టల్.

“ఈ డబ్బా ఇంకా పారెయ్యలేదా ఆంటీ?”

“గణపతిని నువ్వేనా...”

“నేనే. ముఠావాళ్లు మనుషుల్ని బాగా చూసుకుంటారు. చీఫ్‌లా కొట్లో కుళ్లబెట్టరు.”

“నీ మొహం చూసిన రోజే అనుమానం నాకు.”

“మీకు గాలి మీద కూడా అనుమానమే. పాస్‌వర్డ్! అబద్ధమాడితే కళ్లలో పట్టేస్తాను, తెలుసుగా.”

తెలుసు. ఆ ట్రైనింగ్ ఇచ్చింది మంగళే. అందుకే నిజం చెప్పేసింది. “కాకర, డెబ్భై రెండు, పులుసు. ఇంగ్లీషు అక్షరాల్లో. మధ్యలో ఖాళీ లేదు.”

విజేత ఆ కళ్లలోకి చూసి, నవ్వి, నల్లటి టెర్మినల్ తెర ముందు కూర్చుంది. టైపు చేసింది. తెర మీద ఒక్క అక్షరం పడలేదు. చుక్కలైనా పడలేదు.

లినక్స్ టెర్మినల్‌లో పాస్‌వర్డ్ అంతే. కొట్టింది లోపలికి పోతుంది, బయటికి కనపడదు. వాడేవాళ్లకి అది రోజూ ఉండేదే. ఖరీదైన లాప్‌టాప్‌లో చుక్కలు చూసుకునే విజేతకి తెలియదు. అప్పుడే ఎంటర్ నొక్కితే గంగాధరం చచ్చినట్టే.

“కీబోర్డ్ పోయిందా?” విజేత మళ్లీ మొదట్నుంచి కొట్టి, అప్పుడు ఎంటర్ నొక్కింది. లోపల రెండుసార్లు పడింది. పాస్‌వర్డ్ తప్పు.

వైరు పీకి వేరేచోట గుచ్చింది. పనిచేస్తోందా అని నాలుగు అక్షరాలు టకటకా నొక్కింది. ఆ పైన పాస్‌వర్డ్. తప్పు.

మూడున్నర. పిస్టల్ మంగళ కణతకి ఆనింది. “నువ్వు కొట్టవే, ముసలిదానా!”

మంగళ కొట్టింది. తెర నల్లగానే ఉంది. ఎంటర్. ‘ఫైల్ పూర్తిగా తొలగించబడింది’ అని ఒక్క లైను పడింది.

మొదటి తప్పుకే పోలీసు అధికారి ఎహసాన్ ఫోన్ మోగేలా, మూడో తప్పుకి ఫైల్ నాశనమయ్యేలా మంగళ రాసుకున్న ప్రోగ్రాం అది. విజేత వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకునేలోపు షట్టర్ దడాలున లేచింది. ఎహసాన్ పేల్చిన గుండుకి ఆమె చేతిలో పిస్టల్ ఎగిరిపడింది.

ఏడుంబావుకి చీఫ్ ఫోన్ చేసి, గంగాధరం పంపిన మాట వినిపించాడు. “ఎక్కిన సార్. ఇగ బిడ్డలను జూస్త.”

మంగళ కీబోర్డ్ వైరుని మళ్లీ పాత చోటే గుచ్చింది.

“అవునూ, మూడోసారి ఏం కొట్టావ్?” అడిగాడు చీఫ్.

“ఆ పిల్లని నాలుగు బూతులు తిట్టానండి,” అంది మంగళ. “తెర మీద కనపడవు కదా.”