పట్టీ కింద రంగు

తలుపు పడింది. గది గోడ చాటున నిలబడ్డ పోతురాజు మణికట్టు మీద అంకె ఆరిపోలేదు. నాలుగేళ్ళలో ఇదే మొదటిసారి.

భీమిలి తీరంలో పెళ్ళయినవాళ్ళందరికీ తోడుకడియం ఉంటుంది. ఒకరి గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో రెండోవాళ్ళ చేతి మీద కనిపిస్తుంది. కరెంటుతో సహా అన్నీ గాలిలో తరంగాలుగా తిరిగే కాలం. తుపానును పసిగట్టే యంత్రాలకు ఆ తరంగాలూ పడవు, ఉప్పువానా పడదు. అందుకే వాటిని ఇనుపగదుల్లో పెట్టి, తలుపు చుట్టూ జోడుపట్టీ బిగిస్తారు. పట్టీ బయటి అంచు రబ్బరు, నీటిని ఆపుతుంది. లోపలి అంచులో వెండిపొడి ఉంటుంది, తరంగాన్ని ఆపుతుంది.

పట్టీలు బిగించేవాళ్ళలో పోతురాజు ఒకడు. యంత్రాలు చూసేది అతని భార్య నూకరత్నం, ఆమెతోపాటు ఏసుబాబు. ఇరవై నిమిషాల పనికి ఆమె గంటసేపు లోపలే ఉండిపోతుంది. తరంగం గది దాటదు కాబట్టి ఆ గంటా పోతురాజు కడియం ఖాళీ.

వెండి అంచు ఉత్త ఇనుముకు తగలాలి. చట్రం మీద రంగు గీకేశాకే పట్టీ వెయ్యడం ఈ పనిలో మొదటి పాఠం. నిన్న పోతురాజు కావాలనే జానెడు మేర గీకలేదు. నీరు రాదు, తరంగం మాత్రం జారుతుంది.

ఎనభై ఎనిమిది. ఎనభై. డెబ్బై మూడు. అంకె తగ్గుతోంది. ఆ ఏసుబాబు పక్కన అంత నిమ్మళమా?

"ఏటి బావా, సేతిలో జాతకం సూసుకుంటన్నావా?"

వెనక ఏసుబాబు, రెండు టీగ్లాసులతో.

"నువ్వు లోపల లేవేటి?"

"పనవగానే నన్ను బయటికి తోలేస్తాది. రోజూ ఇంతే. ఒక్కర్తీ కూకుంటాది."

అరవై ఆరు. ఇంట్లో తన పక్కన కూర్చున్నప్పుడు ఎనభై ఐదుకు తగ్గగా పోతురాజు ఎన్నడూ చూడలేదు. పెరిగినప్పుడల్లా అడిగేవాడు, పదకొండింటికి తొంభై అయిందేమని. ఆమె జవాబు వెతుక్కునేలోపు అంకె ఇంకా పెరిగేది.

తలుపు తెరుచుకుంది. నూకరత్నం పట్టీని వేలితో తడుముతూ వచ్చింది.

"కొలతలు వణుకుతున్నాయి. ఎవరేశారు దీన్ని?"

అప్పుడు అతన్ని చూసింది. ఎనభై. తొంభై రెండు.

"నేనే," అన్నాడు.

ఆమె పట్టీ ఎత్తి, కింద రంగు చూసింది. గోటితో గీసింది. అతని కడియం వైపు చూసింది.

"ఇక్కడికి కూడా వచ్చేశావా, మావా?"

పోతురాజు గీకుడుకత్తి తీశాడు. ఇనుము మెరిసేదాకా గీకి, పట్టీ నొక్కాడు.

"ఎల్లు. ఇంకాసేపు కూకో."

అంకె తొంభై ఆరు. ఆమె ఏసుబాబు చేతిలో గ్లాసు ఒకటి అందుకుని లోపలికి వెళ్ళింది.

తలుపు అతనే మూశాడు. కడియం ఖాళీ అయింది.