కళ్లు దిద్దే ఫోను

ఆళ్లగడ్డలో పొద్దున ఏడు కాకముందే ఉలి చప్పుళ్లు మొదలవుతాయి. రోడ్డు పక్క శిల్పశాలల్లో ఎవరి రాయి వాళ్లు కొట్టుకుంటుంటారు. ఓబులేసు ఇంట్లో మాత్రం ఆ రోజు ఉలి లేవలేదు, మాటే లేచింది. తండ్రీ కొడుకులు ఒక ఫోన్ దగ్గర పట్టుపట్టి కూర్చున్నారు.

"నాయనా, ఎన్నిసార్లు చెప్పల్ల నీకు? ఐఫోన్ తీసుకుందాం. వీడియో బాగా తీసి పంపితే బెంగళూరోళ్లు ఆడ కూర్చోనే ఆర్డర్ ఇస్తారు," అన్నాడు హరీష్ ఇడ్లీ ప్లేటు పక్కకు నెట్టి.

"వద్దు. శాంసంగ్ పెద్దది తీసుకో. వందంతలు దగ్గరికి తెస్తాదంట."

"వందంతలు దగ్గరికి తెచ్చుకోని ఏం చూస్తావ్? చందమామలో కుందేలునా?"

ఓబులేసు భార్య ఉమామహేశ్వరమ్మ నవ్వాపుకోలేకపోయింది. "నిన్నటిదాకా ఫోన్ మోగితే ఏ బటన్ నొక్కల్లని నన్నడిగిన మనిషి! ఈ పొద్దు కంపెనీ పేరుతో సహా చెప్తాండాడే!" అంది మొగుణ్ణి చూసి.

అందరూ నవ్వారు, హేమలత తప్ప. ఆమె పచ్చడి గరిట పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. హరీష్‌ను చేసుకుని ఈ ఇంటికి వచ్చిన ఐదేళ్లుగా శిల్పశాల ఫోటోలు తీసేదీ, ఫోన్లకు జవాబు చెప్పేదీ ఆమే. లక్ష దాటిన ఆ ఫోన్ వ్యాపారం కోసమని భర్త అనుకుంటున్నాడు. మామగారికి అది ఎందుకో ఆమె పది రోజులుగా అనుమానిస్తూ ఉంది. ఆ అనుమానం నిజం కాకూడదని ఇంట్లో ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకుంటూ ఉంది. శిల్పి ఇంట్లో దేవుళ్లకు కొదవ లేదు కదా.

సంగతి శ్రావణమాసంలో మొదలైంది. అవుకు పక్క పల్లెకు అమ్మవారి విగ్రహం పంపే ముందు హేమలత ఎప్పటిలాగే ఫోటోలు తీసింది. రెండు వేళ్లతో పెద్దది చేసి చూస్తే ఎడమ కన్ను కింది గీత ఒక పిసరు పైకి జరిగి ఉంది. వెలుతురు తేడా అనుకుని మళ్లీ తీసింది. మళ్లీ అంతే. నలభై ఏళ్లుగా ఓబులేసు కళ్లు దిద్దిన విగ్రహాన్ని వేలెత్తి చూపించిన వాడు లేడు. అలాంటి చేతికి తప్పు పట్టడానికి తానెవరు? కుడివైపు నుంచి తీసిన ఫోటోలు ఏరి పంపించి ఊరుకుంది.

ప్రతిష్ఠ అయిన వారానికి ఆ ఊరి పెద్ద మద్దిలేటి ఫోన్ చేశాడు. "ఏంది మ్మా, తల్లి ఎడమకన్ను యాడో చూస్తాన్నట్టుంది. మీ మామకు ఒక మాట చెప్పు," అన్నాడు. హేమలతకు గుండెల్లో రాయి పడింది. నోటికి మాత్రం అబద్ధం తడుముకోకుండా వచ్చింది. "కొత్త రాయి గదన్నా. నూనె పట్టిస్తా ఉండండి. నలుపు తిరిగినాక చూపు కుదురుకుంటాది." రాయి సంగతి తెలిసిన ఇంటి కోడలు చెప్పిందని ఆయన నమ్మేశాడు. ఆ నమ్మడమే ఆమెను ఎక్కువ బాధపెట్టింది. అప్పటి నుంచి ఫోన్ మోగితే చాలు, అవుకు నుంచేమోనని ముందు పేరు చూసుకునేది.

ఎవరికి చెప్పుకోవాలి? భర్తకు చెబితే తండ్రి మీదికి పోతాడు. మామకు చెబితే మనిషి కుంగిపోతాడు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఇప్పుడు షెడ్డులో నిలువెత్తు నరసింహస్వామి కళ్లు తప్ప అంతా పూర్తయి నిలబడి ఉన్నాడు. పద్దెనిమిది రోజుల్లో ప్రతిష్ఠ. ఆ స్వామి చూపు కూడా తప్పితే ఏమిటన్నదే ఆమె దిగులు. దానికి తోడు పది రోజుల కిందట, మామగారు షెడ్డులో ఒంటరిగా హరీష్ ఫోన్ పట్టుకుని స్వామి ముఖం మీద పెట్టి చూడడం ఆమె కంట పడింది. ఆమెను చూడగానే తేలు కుట్టిన దొంగలా ఫోన్ జేబులో వేసుకున్నాడు.

పది గంటల బస్సుకు ముగ్గురూ నంద్యాల బయలుదేరారు. రెండు ఫోన్లూ చేత్తో పట్టుకుని చూసి తేల్చుకుందామని ఒప్పందం. ఓబులేసు కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు ఆగినప్పుడల్లా "యా ఊరు మ్మా?" అని కోడలిని అడిగాడు.

"శిరివెళ్ల, మామా."

ఎదురుగా బోర్డు నిలువెత్తు అక్షరాలతో కనిపిస్తూనే ఉంది. అరవై ఏళ్లుగా తిరిగిన దారి. హేమలత ముఖం తిప్పుకుంది.

షాపులో షాలిని అనే అమ్మాయి రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టి కెమెరాలు, బ్యాటరీలు, మెమొరీలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పింది. హరీష్ ఐఫోన్‌తో వీడియో తీసి మురిసిపోయాడు. ఓబులేసు అవేవీ వినలేదు. కండువా చెంగు ముడి విప్పి అరచేయంత నల్లరాతి పలక తీసి గాజు బల్ల మీద పెట్టాడు. దాని మీద ఒకే ఒక కన్ను చెక్కి ఉంది.

"పాపా, దీన్ని చూపీ. ఏ ఫోన్‌లో గీత బాగా కనపడతాదో అది కావాల."

"ఓహో, శాంపుల్ తెచ్చినావా!" అని హరీష్ సంబరపడ్డాడు. "చూస్తివా హేమా, మా నాయన తెలివి! మనం యూట్యూబ్‌లో వెతుకుతాంటే ఈయన రాయే పట్టుకొచ్చినాడు."

రెండు తెరల మీదా కన్ను అరచేయంత పెద్దదై కనిపించింది. ఓబులేసు ముఖం వెలిగింది. అమ్మాయి దగ్గర పెన్ను అడిగి తీసుకున్నాడు. ఎడమచేత్తో ఫోన్ పట్టుకుని, తెర మీదే చూపు నిలిపి, కుడిచేత్తో పెన్నును రాయి మీది గీత వెంట నడిపించబోయాడు. పెన్ను మొన గీత తప్పి బల్ల మీదికి జారింది. రెండో ఫోన్‌తో ప్రయత్నించాడు. అదీ అంతే. తెరలో పెద్దదైన కన్నుకూ చేతి కింద ఉన్న చిన్న కన్నుకూ పొంతన కుదరలేదు.

"అలవాటైతే వస్తాది," అని తనలో తాను అనుకున్నాడు. తర్వాత షాలిని వైపు తిరిగి, "దీన్ని ఒకచోట కదలకుండా నిలబెట్టే స్టాండు ఉందా మ్మా? నాకు రెండు చేతులూ కావాల," అని అడిగాడు.

ఉలికి ఒక చెయ్యి, సుత్తికి ఒక చెయ్యి. హేమలతకు ఇంక అనుమానమేమీ మిగలలేదు. నరసింహస్వామి కళ్లను ఈయన ఫోన్‌లో చూస్తూ దిద్దబోతున్నాడు. ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ స్వామికీ ఈ మనిషికీ తానే ద్రోహం చేసినట్టు.

"మామా, ఇంక చాలు," అంది. "ఏ ఫోనూ వద్దు మనకు."

"ఏంది హేమా, ఇంతదూరం వచ్చి?" అన్నాడు హరీష్.

"మామకు కండ్లు కనపడ్డంల్యా. అందుకే ఈ ఫోన్ అడుగుతాండాడు. ఫోటోలకు కాదు."

ఓబులేసు చేతిలో పెన్ను ఆగింది. "ఎవురు చెప్పినారు నీకు?" అన్నాడు కోపంగా. "నా కండ్లకేం? గమ్మునుండు!"

"అవుకు అమ్మవారి ఎడమకన్ను తప్పింది, మామా. పంపేటప్పుడే చూసినా. మద్దిలేటన్న ఫోన్ గూడా చేసినాడు. నూనె పూస్తే సరిపోతాదని నేనే అబద్ధం చెప్పినా."

షాపులో ఉన్న నలుగురూ ఇటు తిరిగారు. హరీష్ ముఖం ఎర్రబడింది. భార్యను, తండ్రిని మార్చి మార్చి చూసి, ముందు భార్య మీద పడ్డాడు. "మూడు నెలలు! మూడు నెలలు నాకు ఒక్క మాట చెప్పకుండా ఎట్లుంటివి? మన పేరేం గావాల? నేనేమన్నా పరాయోడినా?"

"చెప్తే నువ్వు ఇట్లనే అరుస్తావని చెప్పలేదు," అంది హేమలత కళ్లు తుడుచుకుంటూ.

హరీష్ తండ్రి చెయ్యి పట్టుకుని షాపు బయట మెట్ల దగ్గరికి తీసుకొచ్చాడు. హేమలత వెనకే వచ్చింది. "నిజమేనా నాయనా?"

ఓబులేసు రోడ్డు మీద పోయే ఆటోల వైపు చూస్తూ మెల్లగా చెప్పాడు. ఎండాకాలంలో కంటి క్యాంపు పెడితే పోయి చూపించుకున్నాడు. రెండు కళ్లకూ పొర వచ్చిందన్నారు. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందనీ, ఒక్కో కంటికి నెల రోజులు దుమ్ములోకి పోకూడదనీ, సుత్తి పట్టకూడదనీ చెప్పారు. ఆ చీటీని ఇంటికి రాకముందే చింపేశాడు.

"చూపు వస్తాదంటే చింపుతావా? నీకేమన్నా పిచ్చా?"

"మన ఇంటి కట్టు నీకు తెలీదా?" అన్నాడు ఓబులేసు.

హరీష్‌కు తెలుసు, హేమలతకూ తెలుసు. ఆ ఇంట్లో విగ్రహం ఒళ్లు ఎవరైనా చెక్కవచ్చు. కళ్లు మాత్రం ఒక్క చేతివే. కళ్లు దిద్దే ఉలి ఒకసారి చెయ్యి మారిందంటే మళ్లీ పాత చేతికి రాదు. ఓబులేసు తండ్రి ఒక జ్వరంలో ఆ ఉలిని కొడుకు చేతిలో పెట్టాడు. జ్వరం పది రోజుల్లో తగ్గిపోయింది. ఆయన మాత్రం ఆ తర్వాత బతికిన పన్నెండేళ్లూ ఏ దేవుడి కంటినీ తాకలేదు.

"మా నాయన రోజూ షెడ్డుకు వచ్చి కూర్చునేవాడు," అన్నాడు ఓబులేసు. "నేను కన్ను దిద్దుతాంటే లేచి బయటికి పోయేవాడు. చూడలేక. నేను అది చూసినా గదరా. రెండు నెలలు పనాపితే ఆర్డర్లు ఆగుతాయా? నీకు ఇయ్యాల్సి వస్తాది. ఇచ్చేసినాక నేనెందుకు ఆ ఇంట్లో? దుమ్ము ఊడ్చేదానికా?"

"అంటే నీ ఉలి కోసం నేను కాచుకోనుండానని అనుకున్నావా నాయనా?"

ఓబులేసు తల దించుకుని మెట్టు మీద కూర్చున్నాడు. హరీష్ కళ్లలో నీళ్లు తిరిగాయి. కోపమంతా ఎటు పోయిందో, తండ్రి పక్కన కూలబడ్డాడు.

"నేను తీసుకోను. నువ్వు ఇచ్చినా తీసుకోను. నువ్వు ఆపరేషన్ చేయించుకోని వచ్చేదాకా ఆ స్వామి కండ్లు లేకుండానే నిలబడతాడు."

"ముహూర్తం పెట్టుకున్నారు గదరా వాళ్లు?"

హరీష్ జేబులోంచి పగిలిన అద్దంతో ఉన్న తన పాత ఫోన్ తీశాడు. గుడి కమిటీ పెద్దకు అక్కడి నుంచే చేశాడు. మా నాయనకు కళ్లు బాగాలేవు, ప్రతిష్ఠ వెనక్కి జరపమని బతిమాలాడు. అవతలి మనిషి అరుపులు పక్కన నిలబడ్డ హేమలతకు కూడా వినిపించాయి. శుభలేఖలు పంచేశామన్నాడు. కొడుకువు నువ్వు లేవా, నువ్వు దిద్దమన్నాడు. వేరే చోట చేయించుకుంటామని బెదిరించాడు.

"చేయించుకోండన్నా," అన్నాడు హరీష్ చివరికి. "కండ్లు మాత్రం మా నాయనే దిద్దల్ల."

ఏదో ఒక సంగతి సాయంత్రం చెబుతామని వాళ్లు పెట్టేశారు. అంత పెద్ద ఆర్డర్ పోవచ్చు. అయినా హేమలత భర్త భుజం మీద చెయ్యి వేసింది, మంచి పని చేశావన్నట్టు.

షాలిని తలుపు తీసుకుని బయటికి వచ్చింది. రాతి పలకను జాగ్రత్తగా ఓబులేసు చేతిలో పెట్టి, "ఏది ప్యాక్ చేయమంటారు సార్?" అని మొహమాటంగా అడిగింది.

"ఏదీ వద్దు మ్మా," అన్నాడు హరీష్. "ఈడ మంచి కండ్ల ఆసుపత్రి యాడుందో చెప్పు."

మధ్యాహ్నానికి ఓబులేసు కంటి ఆసుపత్రి బల్ల మీద కూర్చుని ఉన్నాడు. చుక్కల మందు వేసి కళ్లు మూసుకోమన్నారు. పొర బాగా ముదిరిందనీ, ఇంకా ఆలస్యం చేస్తే ప్రమాదమనీ డాక్టరమ్మ కసిరింది. గురువారం ముందు కుడి కన్నుకు ఆపరేషన్ అని తేల్చింది. హరీష్ కాగితాలు రాయించడానికి వెళ్లాడు.

"హేమా, ఉండావా?"

"ఈడనే ఉండా మామా."

"ఎంత తప్పింది ఆ కన్ను? నిజం చెప్పు."

హేమలతకు ఇంక అబద్ధం చెప్పే ఓపిక లేదు. "వడ్లగింజలో సగం, మామా. కింది గీత పైకి పోయింది."

ఆయన మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు కారాయి. మందు నీళ్లో, కన్నీళ్లో చెప్పడం కష్టం. "వడ్లగింజలో సగం అంటే తక్కువ గాదు," అన్నాడు. "ఊరంతా పొద్దున్నే ఆ తల్లి కండ్లల్లోకే చూసి మొక్కుకుంటారు." ఆమె గొంతు వచ్చిన వైపు తల తిప్పాడు. "మూడు నెలలు ఒక్కదానివే మోసినావా దీన్ని?"

హేమలత కొంగు నోట్లో కుక్కుకుంది.

"మీ అత్త చెప్తాండె, పిల్ల సరిగ్గా తింటంలేదని. నేను పట్టించుకోలేదు. నా ఉలి నా చేతిలోనే ఉండల్లని నా యావ నాది. నా తప్పు దాచేదానికి నువ్వు పాపం మూటగట్టుకున్నావే తల్లీ!"

మూడు నెలలుగా బిగబట్టుకున్న ఏడుపు ఆ మాటతో కట్ట తెంచుకుంది. పక్క బల్లల మీద ముసలివాళ్లు చూస్తున్నారని తెలిసినా హేమలత ఆపుకోలేకపోయింది. ఓబులేసు కళ్లు తెరవకుండానే చెయ్యి చాపి ఆమె తల కోసం తడుముకున్నాడు. చెయ్యి ముందు గాలిలో ఆడింది, తర్వాత ఆమె భుజానికి తగిలింది. అక్కడే ఉంచాడు.

"చూపు వచ్చినాక మొదట అవుకు పోతా," అన్నాడు. "నరసింహస్వామి ఆర్డర్ ఉన్నా పోయినా సరే. ఆ ఊరోళ్లను నిలబెట్టి, తప్పు నాదని చెప్పుకుంటా. వాళ్లేం చేయమంటే అది చేస్తా."

"నేనూ వస్తా మామా. అబద్ధం చెప్పింది నేను గదా. మద్దిలేటన్న నన్ను నమ్మినాడు."

"తిడతారు మ్మా."

"తిట్టనీ."

హరీష్ కాగితాలతో తిరిగి వచ్చేసరికి భార్య కళ్లు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి, తండ్రి కళ్లు మూసుకుని ఉన్నాయి. ఏమైందని అడగబోయి ఆగిపోయాడు. ఈ ఇంట్లో తాను అరవడం వల్ల ఎన్ని మాటలు దాగిపోయాయో అతనికి ఆ పూటే తెలిసింది. మెల్లగా వచ్చి ఆమెకు అటువైపు కూర్చున్నాడు.

"ఏంది సంగతి?" అని చిన్న గొంతుతో అడిగాడు.

"అవుకు పోవల్ల," అంది హేమలత.

"సరే," అన్నాడు హరీష్. "ముగ్గురం పోదాం."