పద్మనాభంలో దొంగ వాన

జూలైలో పద్మనాభంలో నాలుగుసార్లు వాన కురిసిందని రిజిస్టరు చెబుతోంది, కాని అక్కడ ఒక్క చుక్కా పడలేదు.

ఆ మాట చెప్పింది వాతావరణ ఆఫీసు ఊడ్చే చిలకమ్మ. ఆమెది ఆ ఊరే. "వానేటమ్మా! మా నారుమళ్లు మాడిపోనాయి."

గౌరీశ్వరి రిజిస్టరు మళ్లీ తెరిచింది. ఆ ఆఫీసులో గత ముప్పయ్యేళ్ల వానల సగటు లెక్కలు కట్టేది ఆమే. ఈ పంతొమ్మిది వందల ఎనభై ఏడులో జిల్లా అంతా ఎండిపోతే పద్మనాభం ఒక్కటే తడిసింది. ఆ అంకెలు చూసి పైవాళ్లు ఆ ఊరిని కరువు జాబితాలోంచి కొట్టేశారు. సవరణకు గడువు ఈ సాయంత్రమే.

నాలుగు వానలూ బుధవారాలే. గురువారం పొద్దున్నే రిజిస్టరుతో పట్నంలో, ద్వారకా నగర్‌లో బస్సు దిగి ఆఫీసుకు వచ్చేవాడు సన్యాసిరాజు. ఊళ్లో వానగేజీ చూసి రాసేది అతనే.

ఈ కరువు ఎందుకో పోయిన వారం అతనికి ఆమే చెప్పింది. "ఎక్కడో పసిఫిక్ సముద్రం వేడెక్కితే గాలి అక్కడ పైకి లేచి, మన నెత్తిన దిగుతుంది. దిగే గాలి మబ్బును కట్టనివ్వదు. డెబ్బై రెండులో అంతే, ఎనభై రెండులో అంతే."

"అంత దూరంనుంచేనా?"

"నమ్మకం లేదా?"

"ఎందుకు లేదండి? మీరిక్కడ నవ్వితే పద్మనాభంలో నాకు నిద్దర పట్టదు కదా!"

ఆ రోజంతా ఆమె లెక్కలు తప్పాయి.

ఇవాళా వచ్చాడు. "నిన్న ఆరు మిల్లీమీటర్లండి."

"చెప్పులకు బురదేదీ?"

"ఆరిపోనాదండి."

"చిలకమ్మ నారుమడి కూడా ఆరిపోయిందట."

అతను చెప్పుల వంక చూసుకున్నాడు. కిటికీ అవతల బూడిదరంగు ఆకాశం కింద హార్బరు క్రేన్లు కదలకుండా నిలబడ్డాయి. సవరణ రాయడానికి ఆమె తెల్లకాగితం తీసింది.

"నిజం రాస్తే నీ పని పోతుంది రాజూ. మళ్లీ ఇక్కడికి రానక్కర్లేదు." పెన్ను మూత తీసింది. "ఎందుకు చేశావ్?"

"రాసుకోండి, సెప్తాను. వాన పడని వారం పోస్టుకార్డు సాలన్నారు. పడితేనే రిజిస్టరు సేత్తో పట్టుకు రమ్మన్నారు. ఈ యేడు వాన రాలేదు. మిమ్మల్ని సూడకుండా నాను ఉండలేకపోనాను. మా యమ్మ మైలు నడిచి తెచ్చిన బిందెలోంచి నీళ్లు తీసి గేజీలో పోసాను. ఊరి నోటికాడ కూడు తీసేసాను. సంతకం పెడతాను, ఇటివ్వండి. నిజంగా వాన పడ్డ రోజున, రిజిస్టరు లేకుండా, తడిసి వత్తాను. గుమ్మంలోకి రానిత్తారా?"