నలభై ఏడో నంబరు బిళ్ళ

"మూడింటికి లోక్‌సభలో ఓటింగ్. ఈలోపు సాక్ష్యం నాకు చేరాలి."

పొద్దున చీఫ్ శ్రీమన్నారాయణ ఫోన్‌లో అన్న మాట ఏజెంట్ నవనీత్ చెవిలో ఇంకా మోగుతూనే ఉంది. ఇప్పుడు టైం రెండు ఇరవై. చేతులు వెనక్కి విరిచి కట్టేసి ఉన్నాయి, నోటికి టేపు. పడి ఉన్నది జగ్గయ్యపేట దగ్గర ఓ సున్నపురాయి క్వారీ అడుగున. తల పక్కనే డ్రిల్ చేసిన రంధ్రాలు, వాటి నిండా పేలుడు మందు. రెండున్నరకి బ్లాస్టింగ్.

పోయిన వారం ఢిల్లీలో మెరానా దేశపు రాయబార కార్యాలయం మీద బాంబు దాడి జరిగింది. పదకొండు మంది పోయారు. మెరానా పక్కదేశం తోర్వా పనేనని అందరూ నమ్మారు. తోర్వాతో సంబంధాలు తెంచేసే తీర్మానం సభలో సిద్ధంగా ఉంది. అది నెగ్గితే యుద్ధం, లాభం మాత్రం ఆయుధాలమ్ముకునే ఓ విదేశీ ముఠాకి. ఆ బాంబులో మందు వాళ్ళు దొంగిలించింది ఈ క్వారీలోనే. డ్రిల్లర్ వేషంలో నాలుగు రోజులు రాళ్ళ దుమ్ము మింగి, అదే బ్యాచ్ నంబరున్న ఖాళీ పెట్టెలను నవనీత్ పట్టుకున్నాడు. బుద్ధి గడ్డి తిని, వాటిని నందిగామ నుంచి వచ్చిన తోటి ఏజెంట్ ఆమనికి చూపించాడు.

ఆమె కోడ్ వర్డ్ సరిగ్గానే చెప్పింది, అందంగా నవ్వింది, టీలో మత్తు కలిపింది. పెన్ కెమెరా, వాచీ ట్రాన్స్‌మిటర్, ఫోను అన్నీ లాక్కుంది. చొక్కా జేబులో ఉన్న రేకు బిళ్ళను చూసి పెదవి విరిచి అక్కడే వదిలేసింది. పెట్టెలు కూడా అతని పక్కనే పేర్చింది. సాక్ష్యమూ సాక్షీ ఒకే దెబ్బకు పోవాలని ఆమెను కొనేసిన ముఠా ప్లాను.

మొదటి సైరన్ మోగింది. నవనీత్‌కి చచ్చేంత భయం వేసింది. మోకాళ్ళతో పాకితే బెత్తెడు కదిలాడు. రెండో సైరన్ మోగింది. ఇక మిగిలింది పేలడమే. కళ్ళు మూసుకుని అంకెలు లెక్కపెట్టాడు. ఇరవై. అరవై. నూట పది. ఏమీ పేలలేదు.

పైన షెల్టర్లో బ్లాస్టర్ జ్ఞానయ్య బోర్డు ముందు నిలబడ్డాడు. క్వారీలోకి దిగేవాళ్ళు తమ నంబరు బిళ్ళ తీసుకెళ్ళాలి, పైకి వచ్చాక కొక్కేనికి తగిలించాలి. నవనీత్‌ది, నలభై ఏడో కొక్కెం, ఖాళీగా ఉంది. సేఫ్టీ ఆఫీసర్ వేషంలో ఉన్న ఆమని, అతను ఇంటికెళ్ళిపోయాడని నచ్చజెప్పింది, ఉద్యోగం ఊడుతుందని బెదిరించింది.

"ఊడితే ఊడనివ్వండి మేడమ్. ఇంటికెళ్తే బిళ్ళ ఇక్కడుండాలి కదండి. మనిషి లోపలున్నాడు. నేను పేల్చను."

ఆమని పిస్టల్ తీసింది. మందు పేల్చే ఎక్స్‌ప్లోడర్ పెట్టె లాక్కుని బటన్ నొక్కింది. ఏమీ కాలేదు. దాని తాళంచెవి జ్ఞానయ్య మొలతాడుకి ఉంది. అది తట్టి ఆమె ఇటు తిరిగేలోపు డ్రిల్లర్లు వెనక నుంచి మీద పడ్డారు.

కిందికి దిగి నవనీత్ కట్లు విప్పారు. రెండు యాభై ఎనిమిదికి పెట్టెల నంబర్లు, స్తంభానికి కట్టేసిన ఆమని ఫోటో జ్ఞానయ్య ఫోన్ నుంచి ఢిల్లీ చేరాయి. ఓటింగ్ బెల్లు మోగుతుండగా స్పీకర్ చేతికి చీటీ అందింది. తీర్మానం ఆగింది. సభ దర్యాప్తు కమిటీ వేసింది.

ఏ పరికరం కాపాడిందని చీఫ్ ఫోన్‌లో అడిగాడు. రేకు బిళ్ళ అన్నాడు నవనీత్. వెంటనే ల్యాబ్‌కి పంపమన్నాడు చీఫ్.

నవనీత్ గేటు వైపు చూశాడు. అక్కడ జ్ఞానయ్య చెయ్యి చాపి నిలబడి ఉన్నాడు.

"కుదరదు సార్. బిళ్ళ ఇవ్వందే ఈయన నన్ను గేటు దాటనివ్వడు."