శాంపిల్ ఇంట్లో గురక

చెప్తే నమ్మవు. ఒట్టు, నమ్మనే నమ్మవు. ఈ కథ నా నోటితో విని, ఏడడుగుల పోలీసాయన రాత్రి బాత్రూముకెళ్ళడానికి పెళ్ళాన్ని తోడు లేపాడు. నువ్వెంత?

ఊరికి దూరంగా ఓ కాలనీ ఉంది. రైలు ఎక్కితే కాళ్ళు తిమ్మిరెక్కి, ఆ తిమ్మిరి వదిలి, మళ్ళీ ఎక్కేంత దూరం. ఇళ్ళన్నీ ఒకటే అచ్చు గుద్దినట్టుంటాయి. వాటిల్లో ఒకదానికి చెడ్డ పేరు.

శాంపిల్ ఇల్లంటారు దాన్ని. బిల్డరు ముందు అది కట్టి, సోఫా, మంచం, కర్టెన్లు అన్నీ అమర్చి, "మీ ఇల్లూ అచ్చం ఇలాగే ఉంటుంది" అని కొనేవాళ్ళకి చూపించేవాడు. వాళ్ళూ గొర్రెల్లా అదే సోఫా, అదే కర్టెన్లు కొనుక్కునేవాళ్ళు. శాంపిల్ ఇంట్లో మాత్రం ఎవరూ ఉండరు.

ఎవరూ ఉండని ఇంట్లోంచి... అర్ధరాత్రి... గురక!

ముందు విన్నది వాచ్‌మన్ తాత. పొద్దున్నే వణుక్కుంటూ తలుపు తీశాడు. సోఫా మీద మనిషంత గుంట. బాత్రూము తడి. తాతకి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ రాత్రి నుంచి ఓ గిన్నెలో తిండి పెట్టి, మూత వేసి, "తిని పడుకో తల్లీ, బయటికి మాత్రం రాకు" అని దణ్ణం పెట్టి వచ్చేవాడు.

పొద్దునకి గిన్నె ఖాళీ. ఖాళీయే కాదు... కడిగి బోర్లించి ఉండేది!

తాత పెళ్ళాం వింది, మూతి తిప్పింది. "కడిగి పెట్టిందా? అయితే ఆ దెయ్యాన్ని మనింటికి తీసుకురా. నీకంటే నయం."

ఇక ఆ పక్కింటాయన సంగతి. పట్నంలో ఓ ఆఫీసులో హెడ్ గుమాస్తా. రైల్లో అందరూ కునుకుగారు అంటారు. ఊరికే వచ్చిన పేరు కాదు. నిలబడి నిద్రపోతాడు, వేలాడుతూ నిద్రపోతాడు. ఓసారి ముందున్నోడి భుజం మీద తల వాల్చాడు. లేచేసరికి ఆ భుజం దిగిపోయి వేరే భుజం ఎక్కింది. ఈయన తల మాత్రం కదల్లేదు!

కూతురి కోసం వచ్చాడు ఆ కాలనీకి. పిల్లకి మంచి గాలి కావాలి, చెట్లు కావాలి, ఆడుకోడానికి పెరడు కావాలి. అన్నీ దొరికాయి — నాన్న తప్ప.

చీకట్లో వెళ్ళేవాడు, చీకట్లో వచ్చేవాడు. ఇంటావిడ గట్టిగా చెప్పేసింది. "లైటు వేయకండి. చప్పుడు చేయకండి. పిల్ల లేచిందంటే మళ్ళీ పడుకోదు." అంచేత సొంతింట్లోకి దొంగలా దూరి, చీకట్లోనే తిని, హాల్లో సోఫా మీద ఒరిగి, తెల్లారకముందే మళ్ళీ రైలు. పడగ్గది తలుపు దగ్గరికేసి ఉంటుంది. దాని ముందు నుంచి మునివేళ్ళ మీద నడిచేవాడు, పాపం.

ఆవిడ ఫోన్లో దులిపేసేది. "మీకు ఇల్లెందుకండీ? బ్యాగు పెట్టుకోడానికి ఓ బీరువా చాలు. మీ కూతురు మన కుటుంబం బొమ్మ గీసింది తెలుసా? నేను, తను, వీధికుక్క, రైలు."

"రైలెందుకూ?"

"అది మీరట."

సరిగ్గా అప్పుడే ఆఫీసులో మేనేజరు పిలిచాడు. "మీ కాలనీ దగ్గర మనకి కొత్త బ్రాంచి వస్తోందయ్యా. వెళ్తావా? నడిచి వెళ్ళొచ్చు. కాకపోతే హెడ్డు కాదు, ఉత్త గుమాస్తావి. శుక్రవారం చెప్పు. నువ్వు వద్దంటే ఇంకొకడు."

కునుకుగారికి నిద్ర పట్టలేదు. అంటే రైల్లో ఒక్క స్టేషను దాకా. ఒకపక్క చేతుల కుర్చీ, 'సార్' అనే నలుగురు. ఇంకోపక్క పెళ్ళాం, పిల్ల, పగటి వెలుతురు.

అయితే విచిత్రం! ఈమధ్య ఇంటావిడ దులపడం మానేసింది. గొంతులో తేనె కారుతోంది. "మీ ఇష్టమండీ. ఇప్పుడు బాగానే ఉందిగా... మీరు చాలా మారారు."

ఈయన ఏం మారాడు? దున్నపోతు మీద వాన పడితే ఎంత మారుతుందో అంత. కానీ రైల్లో ఒకటే కోతలు. "చూశారా గురూ! ఆడవాళ్ళకి అలవాటు కావాలంతే. వేళకి గిన్నెలో తిండి, ఇల్లంతా నిశ్శబ్దం. కాపురం ఇంత బాగుంటే బ్రాంచి ఎందుకూ?"

"ఎలా సాధించావు గురూ?"

"ఓపిక!"

ఒక్క భయం మాత్రం ఉండేది. పక్కనే శాంపిల్ ఇల్లు. స్టేషను నుంచి తలొంచుకుని వచ్చేవాడు. దీపం వెలిగే స్తంభం ఎదురుగా ఉన్న గేటు తనది. గబుక్కున దూరిపోయేవాడు. పక్కకి చూసేవాడే కాదు.

ఓ రాత్రి... చూశాడు.

కిటికీలో సన్నటి వెలుతురు. మగమనిషి నీడ. భుజం మీద చిన్నపిల్ల. అటూ... ఇటూ... అటూ... నెమ్మదిగా తిరుగుతోంది. పిల్లని జోకొడుతోంది.

ముచ్చెమటలు పోశాయి. లోపలికి దూకి, గడియ పెట్టి, నోట్లో చొక్కా కుక్కుకుని పడుకున్నాడు.

గురువారం వచ్చింది. మర్నాడు 'బ్రాంచి వద్దు' అని చెప్పేద్దామని నిశ్చయించుకుని, రాత్రి చీకట్లో కూర్చుని తింటున్నాడు.

తలుపు అవతల... గుసగుస. అడుగులు. ఒకటి కాదు, చాలా.

తాళం తిరిగింది —

లైటు భగ్గుమంది!

వాచ్‌మన్ తాత, వెనక కర్రలతో సగం కాలనీ. మర్నాడు ఇల్లు చూడ్డానికి ఎవరో వస్తున్నారట, దెయ్యాన్ని ఖాళీ చేయించమని బిల్డరు తిట్టాడట.

"సార్... మీరా?" అన్నాడు తాత.

"నా ఇంట్లోకి దూరి, నన్నే ఎవరంటావేంటి తాతా?"

"మీ ఇల్లు పక్కది సార్! ఇది శాంపిల్ ఇల్లు!"

అదీ సంగతి. ఆయన ఇంటి ముందు స్తంభంలో దీపం ఎప్పుడో మాడిపోయింది. కరెంటాయన వచ్చి పక్క స్తంభంలో వెలిగించి పోయాడు. ఈయన దీపం వెంట పురుగులా పక్క గేటు తీశాడు. తాళమా? బిల్డరు చవగ్గా ఒకటే రకం తాళాలు మూటగట్టి కొన్నాడు, ఏ తాళంచెవి పెట్టినా తెరుచుకుంటాయి. ఆదివారాలు ఏం చేశాడని నోరు తెరవకు, ఆఫీసులో ఆడిట్ పడి ఆదివారాలూ అక్కడే చచ్చాడు. చొక్కాలు ఆఫీసు పక్క లాండ్రీలో. ఇంకేమైనా ఉందా?

తాత పడగ్గది తలుపు తోశాడు. మంచం మీద పరుపు, పరుపు మీద విప్పని ప్లాస్టిక్ కవరు. ఇన్నాళ్ళూ కునుకుగారు దాని నిద్ర పాడవుతుందనే మునివేళ్ళ మీద నడిచాడు!

కర్రలు పడేసి నవ్వారందరూ. ఒకడు నేల మీద దొర్లాడు. సిగ్గుతో చచ్చి, తాతని టార్చితో తోడు తీసుకుని, తన ఇంటి తలుపు తట్టాడు కునుకుగారు. పెళ్ళానికి ఎలా చెప్పాలా అని మనసులో నవ్వు సిద్ధం చేసుకుంటున్నాడు.

తలుపు కొంచెం తెరుచుకుంది. చీకట్లోంచి ఇంటావిడ గొంతు, రహస్యంగా —

"ష్... మెల్లగా. మా ఆయన ఇప్పుడే పిల్లని నిద్రపుచ్చి ఒరిగారు. ఎవరండీ మీరు?"

తాత టార్చి కునుకుగారి మొహం మీద పడింది.

ఆవిడ చూసింది. వెనక్కి తిరిగి పడగ్గది వైపు చూసింది. మళ్ళీ ఈయన్ని చూసింది.

లోపల్నించి... మగ గొంతు. మెత్తగా, ప్రేమగా.

"ఎవరూ?"

తాత చేతిలో టార్చి జారింది. కునుకుగారు ఎలా వెళ్ళాడో తెలీదు, ఆ టార్చి అందుకుని గదిలోకి వెళ్ళాడు. మంచం మీద పిల్ల ఒక్కతే. పక్క దిండు మీద తలంత గుంట... ఇంకా వెచ్చగా. కిటికీలు గడియ వేసినవి వేసినట్టే. పిల్ల మెడదాకా దుప్పటి మాత్రం — అప్పుడే — ఎవరో సరిచేసినట్టు నెమ్మదిగా పైకి జరిగి... ఆగింది.

శుక్రవారం ఆయన రైలెక్కలేదు. మేనేజరుకి ఫోన్ చేసి బ్రాంచి కావాలన్నాడు. భయపడ్డాడంటారు జనం. భయం కాదయ్యా, పోటీ! వెలుతురుండగానే ఇంటికొస్తాడు. పిల్లని తనే జోకొడతాడు. ఇంటావిడ ఏమీ అనదు గానీ, ఈయన్ని అప్పుడప్పుడు ఎవరితోనో పోల్చి చూస్తున్నట్టు చూస్తుందట.

పిల్లే, సగం నిద్రలో ఓ కన్ను తెరిచి అడుగుతుందట.

"నువ్వూ పర్లేదులే. ఆ నాన్న ఎప్పుడొస్తాడు?"

నవ్వుతున్నావా? అబద్ధమంటావా? శాంపిల్ ఇల్లు ఇప్పటికీ ఖాళీయే. దమ్ముంటే నాల్గు రాత్రులు ఆ సోఫా మీద పడుకో. తర్వాత నీ ఇంటికెళ్ళి తలుపు తట్టు. "మా ఆయన లోపలే ఉన్నారు" అని నీ పెళ్ళాం అనలేదనుకో... అప్పుడు రా, నన్ను అబద్ధాలకోరు అను.