దొర ఏడ్చే కూడలి

గవర్నరు దొర విగ్రహం ఉన్న కూడలికి ఈ వానాకాలం నుంచే చెడ్డపేరు వచ్చింది. మా నగరాన్ని కట్టించింది ఆ దొరేనట — ఇటుకలు మోసిన మా ముత్తాతల పేర్లు ఎక్కడా లేవనుకోండి, అది వేరే సంగతి. అర్ధరాత్రి దాటితే ఆయన ఏడుస్తాడని చెప్పుకునేవాళ్ళు. తప్పతాగినవాడు కూడా చుట్టూ తిరిగి వేరే వీధిలోంచి పోయేవాడు.

భయం లేనిది మా చిన్నాన్న ఒక్కడికే. నగరపాలక సంస్థలో విగ్రహాలు కడగడం ఆయన ఉద్యోగం. పగలు బండ్ల రద్దీ గనక, ఏడాదికి రెండుసార్లు రాత్రిపూట నిచ్చెన వేసి, సబ్బునీళ్ళతో తోమి, మైనం పూసి వస్తాడు.

అలాంటిది, పిన్ని పోయాక రోజూ రాత్రి వెళ్తున్నాడు... బకెట్ లేకుండా, నిచ్చెన లేకుండా.

"మీ చిన్నాన్నకి దెయ్యం పట్టిందే," అంది అమ్మ. "నువ్వైనా వెళ్ళి చూడు."

వెళ్ళాను. పీఠం మెట్టు మీద కూర్చుని విగ్రహంతో ఏదో చెబుతున్నాడు. మధ్యమధ్య ఆగుతున్నాడు... జవాబు కోసం.

జవాబు వచ్చింది.

కంచు లోపల్నుంచి — ఎవరో వెక్కివెక్కి ఏడుస్తున్నట్టు... నా పైప్రాణాలు పైనే పోయాయి.

"భయపడకమ్మా," అన్నాడు చిన్నాన్న గుసగుసగా. "నీళ్ళు. విగ్రహం లోపలంతా బోలు. మెడ దగ్గర బీటలోంచి వాన దిగుతుంది. అది పోవడానికి బూటు మడమ దగ్గర కన్నం ఉంటుంది. కిందటిసారి మైనంతో దాన్నీ మూసేశాను. పొరపాటు నాదే."

"మరి తీసేయొచ్చుగా?"

చిన్నాన్న తల పైకెత్తి దొర వైపు చూశాడు.

"తీస్తే నోరు మూసుకుంటాడు. నేనేం చెప్పినా ఊఁ కొట్టడానికి... ఇంకెవరున్నారమ్మా?"

కానీ పొద్దున్నే నగరపాలక సంస్థ ఇంజినీరు విగ్రహం తనిఖీకి వస్తున్నాడు. లోపల నీళ్ళున్నట్టు తేలితే ఉద్యోగం ఊడుతుంది. ఇంటి అద్దె కట్టేదీ ఆ ఉద్యోగంతోనే. చేతులు పట్టుకుని బతిమాలాను.

చివరికి పీఠం ఎక్కాడు. తీగతో కన్నం పొడిచాడు. పచ్చటి నీళ్ళు బుడబుడమంటూ కారాయి... ధార సన్నబడింది... ఆగిపోయింది.

ఏడుపు మాత్రం ఆగలేదు.

తల ఎత్తి చూశాను — దొర బూటును రెండు చేతులా వాటేసుకుని ఏడుస్తున్నాడు చిన్నాన్న.