కదలనివాళ్లే మిగిలే ఫోటో

కాసాబ్లాంకాలో మిలూద్ అంతటి ఫోటోగ్రాఫరు లేడంటే లేడు. పక్కన పిడుగు పడ్డా అతని చేయి వణకదు. పదేళ్లుగా అతను తీసేవి దుకాణాల ఫోటోలే. కిటకిటలాడే చోట పట్టీతో మెడలో వేలాడే కెమెరాను స్టాండు మీద నిలబెట్టి, ముందు వెలుతురు తగ్గించే నల్లద్దం తగిలించి, మూడు నిమిషాలు దాని కన్ను తెరిచి ఉంచుతాడు. కదిలేవాళ్లంతా పొగలా చెరిగిపోతారు. సరుకులు, ధరల చీటీలు, దీపాలు మాత్రం మిగులుతాయి. వెయ్యిమందిని ఒక్క నొక్కుతో మాయం చేసే మొనగాడు మరి.

ఈద్ ముందు శనివారం, పొద్దున తొమ్మిదిన్నర. కొత్త దుకాణంలో టీవీలు సగం ధరకే. బయట జనం సముద్రం దాకా బారులు తీరారు. ఇనప షట్టరు మీద అరచేతుల దబదబ. లోపల అట్టపెట్టెల వాసన, తడి నేల వాసన. పదింటికి ఆ షట్టరు ఎత్తాల్సింది కాపలాదారు తుహామి, మిలూద్ చెల్లెలి మొగుడు.

వెలుతురు చూసుకోవడానికి మిలూద్ ఖాళీ హాలును ఒక ఫోటో తీశాడు.

అందులో షట్టరు ముందు తుహామి పడి ఉన్నాడు. వెల్లకిలా. ఛాతీ లోపలికి కుంగిపోయి ఉంది.

తలెత్తి చూశాడు. తుహామి కౌంటరు దగ్గర పుదీనా చాయ్ తాగుతున్నాడు.

మళ్లీ తీశాడు. ఈసారి ఫోటోలో అతని దవడ ఊడి వేలాడుతోంది.

“బావా, ఇవాళ షట్టరు నువ్వు ఎత్తకు.”

“నువ్వెత్తుతావా? కెమెరా ఎత్తితేనే నడుం పట్టేస్తుంది నీకు.”

“చెల్లికి నెలలు నిండాయి. నా మాట విను.”

“నిండాయనే కదా, ఈ ఉద్యోగం పట్టుకు వేలాడుతున్నాను.”

పదయింది. తుహామి తాళం తిప్పాడు. మిలూద్ ముట్టుకోకుండానే కెమెరా కన్ను తెరుచుకుంది.

షట్టరు మోకాలెత్తు లేచేసరికి మిలూద్ ఒక్క దూకు దూకాడు. పదిమంది లాగినా ఊడని పట్టు అతనిది. తుహామిని నడుం పట్టి స్తంభం పక్కకు ఈడ్చి, రెండు చేతులా బిగించి కూర్చున్నాడు.

షట్టరును పైకి నెట్టేసి జనం విరుచుకుపడ్డారు.

గండం తప్పింది... అనుకున్నాడు మిలూద్.

షట్టరు ముందు నేల ఖాళీ. కానీ అక్కడికి రాగానే ప్రతివాడూ మెత్తటిదేదో తొక్కినట్టు తూలుతున్నాడు. తూలి, ముందుకే పోతున్నాడు. ఒక భారీ మనిషి కాలు పడింది. మిలూద్ చేతుల్లో తుహామి పక్కటెముక ఫట్‌మంది.

“బావా... నన్నెవరో తొక్కుతున్నారు.”

“ఎవరూ లేరు. నా దగ్గరే ఉన్నావు.”

మరో కాలు. మరో ఎముక. ఒకడు పరుగున వచ్చి గెంతాడు... తుహామి దవడ ఊడి వేలాడింది. నెత్తురు మిలూద్ మెడ మీద వెచ్చగా పారింది. అతను పట్టు వదల్లేదు. కదల్లేదు. చేతుల్లో మనిషి తడిసిన గోనెసంచిలా జారిపోయాడు.

టీవీలు మోసుకుంటూ, నవ్వుకుంటూ పోయారు జనం. ఎవరి బూటుకీ నెత్తురు లేదు.

కెమెరా టక్కున మూసుకుంది.

ఫోటోలో హాలు తెల్లగా, ఖాళీగా ఉంది. అంత జనంలో ఒక్కరూ లేరు. స్తంభం పక్కన రాయిలా కూర్చున్న మిలూద్ కూడా లేడు. షట్టరు ముందు తుహామి ఉన్నాడు. అతని పక్కన ఇంకొకడు, బోర్లా. వీపంతా బూటు గుర్తులు. ముఖం నేలలోకి దిగబడి కనిపించడం లేదు.

మెడకు కెమెరా పట్టీ చుట్టుకుని ఉంది.